ఎస్టేట్ సేల్‌లో కనిపించిన పాత జపాన్ డ్రమ్ సెట్టు కొనచ్చా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ప్రస్తుతం డాలస్‌లో ఉద్యోగం. చిన్నప్పుడు మా ఊరి చర్చిలో జాజ్ డ్రమ్స్ వాయించేవాణ్ణి, చదువుల్లో పడి వదిలేశాను. మొన్న మా వీధి చివర ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి సామానంతా అమ్మేసే చోట) ఒక పాత డ్రమ్ సెట్టు చూశాను. ఎర్రటి మెరుపుల ర్యాప్ (చుట్టూ అంటించే పైపొర) ఉన్న నాలుగు డ్రమ్ములు, రెండు స్టాండులు, వంకరపోయిన సింబల్ (కొట్టే లోహపు పళ్ళెం) ఒకటి. బ్యాడ్జి మీద మెజెస్టిక్ అని, కింద చిన్న అక్షరాల్లో మేడ్ ఇన్ జపాన్ అని ఉంది. 220 డాలర్లు చెప్తున్నారు. డ్రమ్స్ తెలిసిన స్నేహితుడు ఫోటో చూసి, ‘అమెరికా కంపెనీ లడ్విగ్‌ది అయితే కొను, ఇది చెత్త’ అన్నాడు. నాకేమో మనసు లాగుతోంది. ఇలాంటివాటికి విలువ ఉంటుందా? బాగుచేసి ఎక్కువకు అమ్మొచ్చా? లేదంటే వచ్చే ఏడాది ఇండియా వెళ్ళేటప్పుడు మా చర్చికి తీసుకెళ్ళనా?
– ఒక పాఠకుడు, టెక్సస్

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు నా జవాబు అవును. మిగతా రెండింటికీ కాదు. కొనండి, మీకోసం కొనుక్కోండి. అయితే డబ్బు చేతిలో పెట్టేముందు ఆ సెట్టు దగ్గర ఒక అరగంట కూర్చుని చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటికన్నా ముందు మీ స్నేహితుడి మాట సంగతి తేల్చుకుందాం.

ఆయన అన్నదాంట్లో సగం నిజం. 1960ల నాటి లడ్విగ్ సెట్టు మంచి స్థితిలో దొరికితే వేల డాలర్లు పలుకుతుంది. ఇంగ్లండ్‌కు చెందిన బీటిల్స్ బృందం డ్రమ్మర్ రింగో స్టార్ వాడిన ఒక లడ్విగ్ సెట్టు 2015లో వేలానికి వస్తే 20 లక్షల డాలర్ల పైన పోయింది. ఆ పక్కన పెట్టి చూస్తే మెజెస్టిక్‌కి గిరాకీ లేదనే చెప్పాలి. మీరు చూసిన లాంటి సెట్లు అమెరికాలో మామూలుగా 100 నుంచి 300 డాలర్ల మధ్య చేతులు మారుతుంటాయి. కానీ చెత్త అన్న మాట నేను ఒప్పుకోను. ఆ నాలుగు డ్రమ్ములు ఎవరు చేశారో, ఎందుకు చేశారో, అంత చౌకగా ఎలా చేయగలిగారో తెలిస్తే మీరూ ఒప్పుకోరు.

1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ బృందం అమెరికా టీవీలో ఎడ్ సల్లివన్ షోలో వాయించింది. ఆ రాత్రి 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. రింగో ముందున్న బాస్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్ము) మీద లడ్విగ్ పేరు పెద్ద అక్షరాల్లో కనిపించింది. మర్నాటి నుంచి అమెరికాలో ప్రతి వీధిలోనూ పిల్లలకు గిటార్ కావాలి, డ్రమ్స్ కావాలి. షికాగోలో డేమెన్ అవెన్యూ మీదున్న లడ్విగ్ ఫ్యాక్టరీ రాత్రింబగళ్ళు నడిచినా ఆర్డర్లు అందుకోలేకపోయింది. అందినా ఆ ధర అందరూ పెట్టగలిగేది కాదు. ఇష్టం రెండు నెలలుంటుందో, రెండేళ్ళుంటుందో తెలియని పదమూడేళ్ళ పిల్లాడికి ఏ తండ్రైనా అంత డబ్బు పోసి డ్రమ్స్ కొంటాడా? మీరు చూసిన సెట్టు సరిగ్గా అలాంటి ఇళ్ళ కోసం తయారైంది.

దాన్ని చేసిన ఊళ్ళు టోక్యో, నగోయా చుట్టుపక్కల ఉన్నాయి. పెర్ల్ కంపెనీ కథే చూడండి. కత్సుమీ యనగిసవా అనే ఆయన 1946లో, యుద్ధంలో తగలబడిపోయిన టోక్యోలోని సుమిదా ప్రాంతంలో మ్యూజిక్ స్టాండులు చేయడంతో మొదలుపెట్టాడు. అంటే నోట్స్ కాగితాలు పెట్టుకునే ఇనప స్టాండులు, అంతే. 1950లో డ్రమ్ముల వైపు తిరిగాడు. 1961లో చీబాలో కొత్త ఫ్యాక్టరీ కట్టింది ముఖ్యంగా ఎగుమతి కోసం, చౌక సెట్ల కోసం. అక్కడ తయారైన డ్రమ్ముల మీద పెర్ల్ పేరు ఉండేది కాదు. అమెరికాలో దిగుమతి చేసుకునే వ్యాపారి ఏ పేరు అడిగితే ఆ పేరుతో బ్యాడ్జి కొట్టి ఇచ్చేవారు. అలా 30కి పైగా పేర్లు పుట్టాయి. మాక్స్‌విన్, అపోలో, కొరొనెట్, వైట్‌హాల్, లైరా, రెవెల్, స్టువర్ట్, టొరెయడార్, ఇంకా మీరు చూసిన మెజెస్టిక్ వాటిలోవే. కలెక్టర్లు వీటిని స్టెన్సిల్ సెట్లు అంటారు. కాబట్టి మెజెస్టిక్ అనే కంపెనీ కోసం ఇంటర్నెట్‌లో వెతికి అలసిపోకండి. అది ఒక టోకు వ్యాపారి పెట్టించుకున్న పేరు మాత్రమే.

ఇదే సమయంలో నగోయాలో 1908 నుంచి ఉన్న హోషినో కంపెనీ 1960ల్లో స్టార్ పేరుతో డ్రమ్ములు మొదలుపెట్టింది. ఇంపీరియల్ స్టార్, రాయల్ స్టార్ అనే మోడళ్ళు అమెరికాకు బాగా వెళ్ళాయి. 1974లో ఆ డ్రమ్ములకే టామా అనే పేరు వచ్చింది. ఈరోజు ప్రపంచంలో పెద్ద పెద్ద స్టేజీల మీద కనిపించే పెర్ల్, టామా రెండూ చేయి తిప్పుకోవడం నేర్చుకున్నది ఈ చౌక సెట్ల మీదే. 1966లో పెర్ల్ తన సొంత పేరుతో ప్రెసిడెంట్ అనే ప్రొఫెషనల్ సెట్టును తెచ్చింది. దానికి వెనక అయిదేళ్ళ పాటు వేరేవాళ్ళ పేర్లతో చేసిన వేల వేల డ్రమ్ముల అనుభవం ఉంది. ఆ అయిదేళ్ళ చేతిపని మీ ఎస్టేట్ సేల్‌లో ఎర్రగా మెరుస్తూ కూర్చుని ఉండొచ్చు. నాకు వీటి మీద ఇంత ప్రేమ ఉండటానికి కారణం ఇదే.

చౌకకు రెండు కారణాలు చెప్పుకోవాలి. ఒకటి డబ్బు మారకం. 1949 నుంచి 1971 వరకు డాలరుకు 360 యెన్‌లు అని ఖాయంగా ఉండేది. జపాన్ కోలుకుని ఎదుగుతున్నా ఆ రేటు మారలేదు కాబట్టి, అమెరికా వ్యాపారికి అక్కడి సరుకు ఏటికేడు మరింత లాభసాటిగా కనిపించింది. 1971లో ఆ కట్టు తెగాక యెన్ విలువ పెరిగింది, చౌక డ్రమ్ముల పని మెల్లగా తైవాన్‌కు తరలిపోయింది. మీ బ్యాడ్జి మీద జపాన్ అని ఉంది గనక 60లు, లేదా 70ల మొదట్లోది అనుకోవచ్చు. తైవాన్ అని ఉంటే అంతకు తర్వాతిది. తయారైన దేశం పేరు వస్తువు మీద ఉండాలని 1930 నాటి అమెరికా సుంకాల చట్టం అడుగుతుంది. ఆ చట్టం పుణ్యాన ఇవాళ మనకు కాలం పట్టుకోవడానికి ఒక ఆధారం దొరికింది.

రెండోది కలప. లడ్విగ్‌లో మేపుల్, పోప్లర్ లాంటి అమెరికా చెక్కలు ఉండేవి. ఈ జపాన్ సెట్లలో ఉండేది లువాన్ అనే కలప. వ్యాపారంలో ఫిలిప్పీన్ మహాగని అంటారు గానీ అసలు మహాగనికీ దీనికీ చుట్టరికం లేదు. తేలిగ్గా, మెత్తగా, ఎర్రటి గోధుమ రంగులో ఉంటుంది. ఆ రోజుల్లో జపాన్ ఫిలిప్పీన్స్ అడవుల నుంచి లువాన్ దుంగలు ఓడల మీద తెప్పించుకుని, ప్లైవుడ్ చేసి అమెరికాకు భారీగా అమ్మేది. డ్రమ్ములు చేసేవాళ్ళకు అదే ప్లైవుడ్ చేతికందుబాటులో దొరికింది. పలచటి షెల్ (డ్రమ్ము గుండ్రటి ఒళ్ళు) చుట్టి, వంకరపోకుండా పైనా కిందా లోపల చెక్క రింగులు అంటించారు. బయట సెల్యులాయిడ్ ర్యాప్ వేస్తే చెక్క కనబడదు. ఆ ర్యాప్ విషయంలో మాత్రం జపాన్ వాళ్ళు పిసినారితనం చూపలేదు. ఎరుపు, నీలం, బంగారు, పచ్చ మెరుపులు, ముత్యపు రంగులు, సుడులు తిరిగే డిజైన్లు, ఒక్కోటి చూస్తే కళ్ళు తిప్పుకోలేం. అరవై ఏళ్ళ తర్వాత కూడా ఎండ తగలనిచోట ర్యాప్ కొత్తదానిలా ఉంటుంది. మీ సెట్టులో టామ్ మౌంట్ (టామ్ అనే చిన్న డ్రమ్మును పట్టే అమరిక) కింద, రిమ్ము (అంచున బిగించే చట్రం) కింద దాగిన చోటు చూడండి, అసలు ఎరుపు ఎలా ఉండేదో తెలుస్తుంది.

ఇక పరీక్ష సంగతి. నేను అన్నిటికన్నా నొక్కి చెప్పేది ఇక్కడే: సెట్టు పూర్తిగా ఉందా లేదా అన్నదాని మీదే కొనడం, మానడం తేల్చుకోండి. గీతలు, తుప్పు, దుమ్ము అంత పట్టించుకోకండి. ఈ సెట్లకు విడిభాగాలు చేసే కంపెనీ ఏదీ లేదు. పోయిన పార్టు మళ్ళీ దొరకాలంటే అలాంటిదే ఇంకో సెట్టు చచ్చిపోవాలి.

ముందు లగ్గులు చూడండి. షెల్ మీద బిగించి ఉండే మెరిసే ముక్కలవి, టెన్షన్ రాడ్లు (కొట్టే పొరను బిగించే మరల కడ్డీలు) వాటిలోకే దిగుతాయి. ప్రతి లగ్గుకూ రాడ్ ఉందా, అన్నీ ఒకేలా ఉన్నాయా అని లెక్కపెట్టండి. ఈ లగ్గులు జింక్ పోతపోసి, పైన క్రోమ్ పూత వేసినవి. ఎవరైనా గట్టిగా బిగిస్తే చీలిపోతాయి. చీలింది వెల్డింగ్‌తో బాగుపడదు. రాడ్ కొంచెం తిప్పి చూడండి, నూనె వేస్తే కదిలేలా ఉంటే చాలు. మర కొరుక్కుపోయి గింగిరాలు తిరుగుతుంటే అనుమానించండి. ఒకటి రెండు రాడ్లు లేకపోతే కంగారు పడకండి, కానీ ఉన్నదాన్ని ఒకటి తీసుకెళ్ళి డ్రమ్ షాపులో చేత్తో మర కలిపి చూసుకున్నాకే కొత్తవి కొనండి. పాత సెట్ల మరలు ఇప్పటివాటితో కలవకపోవచ్చు.

తర్వాత బాస్ డ్రమ్. దీనికి చెక్క రిమ్ములుంటాయి, వాటి మీద సన్నటి ఎర్ర పట్టీ అంటించి ఉంటుంది. రెండు రిమ్ములూ ఉన్నాయా? వాటిని పట్టుకునే క్లాలు (కొక్కేలు), చేత్తో తిప్పే టీ రాడ్లు అన్నీ ఉన్నాయా? పక్కలకు చాచుకునే సన్నటి కాళ్ళు రెండూ ఉన్నాయా? పైన చిన్న టామ్‌ను పట్టే ఇనప అమరిక, సింబల్ పెట్టే ఎల్ ఆకారపు కడ్డీ, ఈ రెండూ ఎక్కువగా మాయమయ్యేవి. అవి ఉంటే ఆ సెట్టు అదృష్టవంతమైనది.

స్నేర్ డ్రమ్ (కింద తీగలుండే డ్రమ్ము) వేరేదై ఉండటం చాలాసార్లు జరుగుతుంది. ఎందుకంటే పిల్లాడు స్కూల్ బ్యాండుకి దాన్నే పట్టుకెళ్ళి అక్కడే వదిలేసి ఉంటాడు. దాని బ్యాడ్జి మిగతావాటితో కలుస్తుందో చూడండి. పక్కనున్న మీట పైకి కిందికి లాగితే కింద తీగలు బిగిసి, వదులవ్వాలి. ఈ చౌక సెట్లలో అన్నిటికన్నా బలహీనమైన యంత్రం ఆ మీటే.

కొలత టేపు జేబులో పెట్టుకెళ్ళండి. షెల్ అడ్డుకొలత చిన్న టామ్‌కి 12, నేల మీద నిలబడే ఫ్లోర్ టామ్‌కి 14 లేదా 16, బాస్‌కి 20 లేదా 22, స్నేర్‌కి 14 అంగుళాలు వస్తే కొత్త హెడ్స్ (డ్రమ్ము మీద బిగించే పొరలు) దొరుకుతాయి. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి. రెంటికీ తేడా కళ్ళకు కనిపించేంత ఉంటే షెల్ కోలగా సాగిపోయినట్టు. దాన్ని సరిచేయడం మన వల్ల కాదు. ఫోన్ టార్చ్‌తో లోపల చూడండి. చెక్క రింగు ఊడి ఉంటే భయం లేదు, వడ్రంగి జిగురు, నాలుగు క్లాంపులతో కూర్చోబెట్టొచ్చు. ప్లైవుడ్ పొరలు విడిపోయి ఉబ్బితే మాత్రం నీళ్ళలో నానిన సెట్టు, వదిలేయండి. చివరగా రంధ్రాలు. 70ల్లో, 80ల్లో కొందరు లక్షణమైన షెల్స్‌కి డ్రిల్లు పెట్టి కొత్త మౌంట్లు బిగించారు. అలాంటివి వాయించుకోవడానికి పనికొస్తాయి, దాచుకోవడానికి కాదు.

ఇవన్నీ బాగుంటే 220కి బేరం ఆడండి, 150 దగ్గర మొదలుపెట్టండి. బేరం ఎందుకంటే మీకు ఇంకా ఖర్చుంది. నాలుగు డ్రమ్ములకు రెండు వైపులా కలిపి ఎనిమిది హెడ్స్. అన్నీ కొత్తవి వేస్తే సెట్టుకు పెట్టినంత డబ్బూ వాటికే అయిపోతుంది. అందుకని ముందు కొట్టే వైపువి నాలుగే మార్చండి. కింది వైపువి చిరగకపోతే ఉండనివ్వండి. పెడల్, స్టూలు, హై-హ్యాట్ (కాలితో కలిపే జంట సింబల్స్) స్టాండు సెకండ్‌హ్యాండ్‌లో గట్టివి కొనుక్కోండి. సెట్టుతో వచ్చిన బలహీనమైన స్టాండుల్ని పారేయకుండా ఒక పెట్టెలో పెట్టండి, అవి దాని చరిత్రలో భాగం. వంకరపోయిన సింబల్ మీద ఆశ పెట్టుకోకండి. మంచి సింబల్ కంచుతో చేస్తారు, 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు తగరం. ఈ సెట్లతో వచ్చినవి పలచటి ఇత్తడివి. ఆ లెక్కలన్నీ కలిపితే మీ సెట్టు పాడుతున్న స్థితికి వచ్చేసరికి 400, 500 డాలర్లు దాటుతుంది. అమ్మితే 250 వస్తాయి. అందుకే లాభానికి కొనొద్దన్నాను.

శుభ్రం చేయడం దగ్గర మన వాళ్ళకు ఒక హెచ్చరిక. ఇత్తడి బిందెలు చింతపండుతో తోమిన అలవాటుతో ఈ లగ్గుల మీద పులుపు పెట్టకండి. క్రోమ్ పూతలో సన్నటి చిల్లులుంటాయి, పులుపు లోపలికి దిగి జింక్‌ని తినేస్తుంది. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు కడిగే సబ్బు చుక్క, మెత్తటి గుడ్డ చాలు. రిమ్ముల మీద తుప్పు చుక్కలకు అల్యూమినియం ఫాయిల్ చిన్న ఉండ చేసి నీళ్ళతో తడిపి మెల్లగా రుద్దండి, ఆశ్చర్యపోతారు. ర్యాప్ మీద నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్ పొరపాటున కూడా వాడకండి, సెల్యులాయిడ్ కరిగిపోతుంది. హీట్ గన్ దాని దగ్గరకే తేవద్దు, పాత సెల్యులాయిడ్‌కి నిప్పంటుకునే గుణం ఉంది. ఒకసారికి ఒక్క డ్రమ్మే విప్పండి. విప్పేముందు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి, మరలు విడి డబ్బాల్లో వేయండి. లగ్గు లోపల చిన్న స్ప్రింగు కనబడుతుంది, కొడితే అదే ర్ర్‌ర్ మని మోగేది. దాని చుట్టూ కాస్త దూది కూరితే ఆ మోత పోతుంది. రంధ్రం చేయకండి, రంగు వేయకండి, షెల్ అంచులు కోయించకండి. పలచటి షెల్ అది, ఒకసారి కోస్తే మళ్ళీ అతకదు.

కొత్త హెడ్స్ వేశాక గట్టిగా బిగించకండి. హెడ్ ముడతలు పోయేదాకా చేత్తో బిగించి, డ్రమ్ములు బిగించే కీతో ఎదురెదురు రాడ్లు సగం సగం తిప్పుతూ వెళ్ళండి. లువాన్ షెల్‌కి కింది స్థాయి శ్రుతి బాగా నప్పుతుంది. మెత్తగా, గుండ్రంగా మోగి వెంటనే ఆగిపోతుంది. మైకుల ముందు మేపుల్ డ్రమ్ముల్లాగా ఎక్కువసేపు సాగదు, అలా సాగకపోవడమే చాలామంది ఇష్టపడేది. హాలు నిండా మోగాల్సిన అవసరం లేని చోట, ఇంట్లో, నెమ్మదైన పాటల పక్కన ఈ ధ్వని నాకు ఎంతో హాయిగా ఉంటుంది. మీ చిన్నప్పటి చేతివాటం తిరిగి రావడానికి ఇంతకన్నా మంచి తోడు దొరకదు. బాస్ డ్రమ్ సన్నటి కాళ్ళు జారతాయి, కింద పాత తివాచీ వేయండి.

ఇంకొకటి చెప్పాలి, ఇది కలెక్టర్లకు బాగా అక్కరకొచ్చే సంగతి. ఒకే ఫ్యాక్టరీ ఇన్ని పేర్లతో అమ్మింది కాబట్టి, అపోలో బ్యాడ్జి ఉన్న ఎర్ర ఫ్లోర్ టామ్ ఎక్కడైనా ఒంటరిగా దొరికితే అది మీ మెజెస్టిక్‌తో అచ్చంగా కలిసిపోవచ్చు. లగ్గుల ఆకారం, ర్యాప్ మెరుపు, రిమ్ము అంచు, లోపలి రింగుల వెడల్పు పోల్చి చూడండి. బ్యాడ్జి ఒక్కటే చూసి ఫలానా ఫ్యాక్టరీది అని తేల్చేయకండి, ఎందుకంటే ఒక వ్యాపారి ఈ ఏడు ఒకరి దగ్గర, వచ్చే ఏడు ఇంకొకరి దగ్గర సరుకు తెప్పించి అదే పేరు పెట్టి ఉండొచ్చు. ఇనుప భాగాలు ఎక్కువ నిజం చెప్తాయి. చాలా లగ్గులు అమెరికా కంపెనీల నమూనాలు చూసి చేసినవే, అయినా జాగ్రత్తగా చూస్తే తేడా పట్టుకోవచ్చు.

ఈ రుచి మరిగితే చౌక సెట్ల ప్రపంచం జపాన్‌తో ఆగదు. అమెరికాలోనే న్యూయార్క్ రాష్ట్రంలో, కెన్‌మోర్ అనే ఊళ్ళో కెంట్ డ్రమ్ములు తయారయ్యాయి, అవి ఇప్పటికీ తక్కువ ధరకు దొరుకుతాయి. లడ్విగ్ కూడా 1968 నుంచి 1973 వరకు స్టాండర్డ్ అనే చౌక వరుస అమ్మింది. మీ స్నేహితుడికి అది చూపిస్తే సంతోషిస్తాడు. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ కంపెనీకి ఒలింపిక్ అనే చౌక వరుస ఉండేది. అది కొనేటప్పుడు జాగ్రత్త, 60ల నాటి ఇంగ్లిష్ షెల్స్ కొన్ని అడ్డుకొలతలో కాస్త పెద్దవిగా ఉంటాయి, ఇప్పటి హెడ్స్ వాటి మీద కూర్చోవు. అయితే ఒక సెట్టు పూర్తిగా పాడుతున్న స్థితికి వచ్చాకే రెండోదాని మీద చేయి వేయండి. గ్యారేజీ నిండా సగం సగం సెట్లు పేర్చుకున్నవాళ్ళకు వాయించే సమయం మిగలదు, ఇంట్లోవాళ్ళకు ఓపికా మిగలదు.

చర్చికి తీసుకెళ్ళే ఆలోచన మంచి మనసుతో వచ్చిందని తెలుసు. అయినా వద్దనే చెప్తాను. మన చర్చిల్లో ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్స్, పెద్ద స్పీకర్లు ఉంటాయి. వాటి మధ్య వినబడాలంటే కుర్రాళ్ళు బలంగా కొట్టక తప్పదు. ఈ సన్నటి స్టాండులు, జింక్ లగ్గులు ఆ దెబ్బకు క్రిస్మస్ సీజన్ దాటవు. విరిగిన లగ్గు తెనాలిలో కాదు కదా, హైదరాబాద్‌లోనూ దొరకదు. పైగా కృష్ణా డెల్టా ఉక్కపోత. వానాకాలంలో పాత జిగురు వదులై లోపలి రింగులు ఊడతాయి, రిమ్ములు తుప్పు పడతాయి. అంత దూరం పంపే ఖర్చుకు ఇంకొంచెం కలిపి విజయవాడలోనో చెన్నైలోనో గట్టి కొత్త సెట్టు కొని ఇవ్వండి. విరిగితే అక్కడే పార్టు దొరుకుతుంది, పిల్లలు భయం లేకుండా వాయిస్తారు. వెళ్ళినప్పుడు వాళ్ళకు శ్రుతి చేయడం నేర్పి రండి, అది ఎవరూ కొనివ్వలేనిది. మీరు ఎప్పటికైనా ఇండియాకి వచ్చేస్తే అప్పుడు ఈ ఎర్ర సెట్టును మీతో తెచ్చుకోండి. హెడ్స్ విప్పేసి చిన్న టామ్‌ని ఫ్లోర్ టామ్‌లో, దాన్ని బాస్ డ్రమ్‌లో గుడ్డలు చుట్టి కూర్చోబెడితే మూడూ ఒక్క పెట్టెలో వస్తాయి.

ఒక మాట. ఎస్టేట్ సేల్స్‌లో చివరి రోజు ధర తగ్గిస్తారని ఆగాలనిపిస్తుంది. ఈసారి ఆగకండి. అమ్ముడుపోకపోతే వాళ్ళు స్నేర్ ఒకరికి, స్టాండులు ఒకరికి విడివిడిగా ఇచ్చేస్తారు, ఆ తర్వాత ఆ సెట్టును మళ్ళీ కలపడం ఎవరివల్లా కాదు. రేపు పొద్దున్నే వెళ్ళండి. డబ్బిచ్చేటప్పుడు, ఇంట్లో డ్రమ్ములకు సంబంధించిన పెట్టె ఇంకేమైనా ఉందా అని అడగండి. టామ్ మౌంట్, సింబల్ కడ్డీ, కొన్నిసార్లు అసలు కొన్న రసీదు కూడా గ్యారేజీ అటక మీదో, బట్టల అలమారా కిందో వేరే డబ్బాలో ఉండిపోతాయి. సేల్ నడిపేవాళ్ళకు అవి ఏమిటో తెలియదు గనక బయట పెట్టరు.